ఈల మీద బరువు

మా శాలిబండ, అలియాబాదు వైపు కుర్రవాళ్ళ నోట ఈ మధ్య ‘బూస్టు’ అనే మాట తెగ వినబడుతున్నది. పాలలో కలిపి పిల్లలకిచ్చే బూస్టు అనుకునేరు! ఇది కారు తాగే బూస్టు. దాన్ని పెంచే మర ఒకటి ఉన్నదట. పేరు మాన్యువల్ బూస్ట్ కంట్రోలర్. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఈ గొడవ ఎందుకంటారా? పాతబస్తీలో ‘సార్’ అయినవాడికి అన్నీ తెలిసి ఉండాలి. అంచేత తెలుసుకోక తప్పింది కాదు.

సంగతి వంటింటి భాషలో చెబితే సులువు. ఇంజను వదిలే పొగ వేగానికి ఒక చక్రం తిరుగుతుంది. దాని ఇరుసుకే బిగించిన రెండో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి తోస్తుంది. ఇదే టర్బో. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905 లోనే దీనికి పేటెంటు పుచ్చుకున్నాడు. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలమూ పెరుగుతుంది. కాని ఒత్తిడికి హద్దుండాలి గదా! కుక్కరుకు ఈల ఉన్నట్లే టర్బోకు వేస్ట్‌గేటు అనే చిన్న తలుపు ఉంది. ఒత్తిడి హద్దుకు రాగానే ఆ గాలే సన్నని గొట్టంలో వెళ్ళి, స్ప్రింగును నెట్టి తలుపు తెరుస్తుంది. పొగలో కొంత చక్రాన్ని తప్పించుకుని పోతుంది. మన కంట్రోలరు ఆ గొట్టం మధ్య కూచుని, తలుపుకు కబురు ఆలస్యంగా అందేట్టు చేస్తుంది. అనగా కుక్కరు ఈల మీద మరికొంత బరువు పెట్టడమన్నమాట. పప్పు త్వరగా ఉడికేమాట నిజమే. కుక్కరు ఎంత పాతదో కూడా చూసుకోవాలి.

మా పేటలో చిరకాలంగా ఇంజన్లు విప్పుతున్న ఒక ఉస్తాదు నడిగితే, “గాలి పెంచుడు అల్కనే సార్, ఇంజన్ ఓర్చుకునుడే కష్టం” అన్నాడు. గాలికి తగినట్లు పెట్రోలు అందకపోతే లోపల వేడి మితిమీరుతుంది, పేలాలు వేగినట్లు చప్పుడు వస్తుంది, చివరికి పిస్టనే కరుగుతుంది. మే నెల ఎండలో మరీ ప్రమాదం. 1962 లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వారు జెట్‌ఫైర్ అనే టర్బో కారు తెచ్చారు. అందులో ఒత్తిడి చదరపు అంగుళానికి 5 పౌండ్లే. అయినా ఈ చప్పుడు రాకుండా నీళ్ళూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని వేరే తొట్టిలో పోయమన్నారు. చాలామంది పోయడం మరిచారు. 1963 తో ఆ కారు ముగిసింది. అంతటి కంపెనీకే అంత యాతన!

మా వీధిలో ఒకాయన బ్యాంకు అప్పుమీద పాత టర్బో కారు కొన్నాడు. వాయిదాలు ఇంకా తీరలేదు. కొడుకు ఈ మర బిగించాలని పట్టుబట్టాడు. “సార్, వాని మాట వింటె కారు పోతది, వినకుంటె పోరడు అలుగుతడు. ఏం జెయ్యాలె?” అన్నాడు తండ్రి. ముందు ఒత్తిడి కొలిచే గేజీ ఒక్కటి పెట్టించమన్నాను. పెట్టిస్తే ఏం తేలింది? కంపెనీ చెప్పిన ఒత్తిడిలో సగమే వస్తున్నది! రబ్బరు గొట్టం ఒకటి పగిలి గాలి కారిపోతున్నది. గొట్టం మార్చేసరికి పోయిన బలం తిరిగి వచ్చింది. పాత కార్లలో ఇది మామూలే. లేని బలం కొనబోయే ముందు ఉన్న బలం ఎక్కడ పోతున్నదో చూడాలి.

కొత్త కార్లున్నవారికి ఈ మర వద్దే వద్దు. వాటిలో ఆ తలుపును కంప్యూటరే చూసుకుంటుంది; ఒత్తిడి హద్దు మీరితే అనుమానించి ఇంజను బలం తగ్గించేస్తుంది. వారంటీ కూడా చిక్కులో పడుతుంది. చట్టం సంగతి సరేసరి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదంటుంది. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలదాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

పందెపు ట్రాక్ మీదనే తిప్పే పాతకాలపు బండి ఉన్నవారి మాట వేరు. వారికి రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి, గొట్టంలోని గాలిని కొంత బయటికి కారనిచ్చేది. కట్టుబాటు సులువే గాని తలుపు ముందునుంచే కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. రెండోదానిలో చిన్న గుండును స్ప్రింగు అదిమిపట్టి ఉంటుంది. పెట్టిన హద్దు దాటేదాకా కబురే పోదు. టర్బో తొందరగా అందుకుంటుంది. నా ఓటు దీనికే. ఒళ్ళు లోహంతో చేసినదై ఉండాలి. అదురుకు మర కదలకుండా పైన మరో నట్టు బిగించే వీలుండాలి. చిక్కుకున్న గాలి పోవడానికి సూదిమొనంత రంధ్రం ఉన్నదో లేదో అడిగి చూడండి. డ్రైవరు చేతికందేట్టు లోపల పెట్టించుకోవడం మాత్రం కూడదు. గొట్టం పొడుగైనకొద్దీ కబురు నెమ్మదిస్తుంది. పైగా స్నేహితుడు పక్కన కూచుంటే చెయ్యి ఊరుకోదు.

బిగించేటప్పుడు మర పూర్తిగా వదులు చేసి మొదలుపెట్టాలి. గొట్టం రెండు కొసలకూ క్లిప్పులు తప్పవు. అది ఊడిందా, తలుపుకు కబురే అందదు, ఒత్తిడికి హద్దే ఉండదు. గేజీ ముల్లు అనుకున్న అంకె దాటిన క్షణాన ఆక్సిలరేటరు మీదనుంచి కాలు తీసి, బండి పక్కన ఆపి, ముందుగా ఆ గొట్టమే చూడాలి.