బొగ్గు ఇక్కడ, సంతకం అక్కడ

రామగుండం మీదుగా సాగే కాజీపేట–బల్లార్షా రైలుమార్గం 1929లో పూర్తయింది. ఆ దిక్కుగా పట్టాలు వేయడం మీద రగడ మాత్రం 1883లోనే హైదరాబాదును ఊపేసింది. నిజాం రైల్వేను లండన్ కంపెనీకి అప్పగించి, చాందా (చంద్రపూర్) వైపూ బెజవాడ వైపూ పొడిగించాలన్నది పథకం. కంపెనీ పెట్టుబడి మీద ఇరవై ఏళ్లపాటు ఏటా 5 శాతం రాబడికి నిజాం ఖజానా పూచీ పడాలి. రైళ్లు నష్టంలో నడిచినా లండన్ వాటాదారుడికి ఆ సొమ్ము ముట్టాల్సిందే. ఇదేం లెక్క అని అడిగినవాళ్లలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ ఒకరు. ఆయన్ను కొలువు నుంచి తప్పించి, రాజ్యం నుంచే వెళ్లగొట్టారు.

ఆ రోజుల్లో ప్రపంచాన్ని ఏలిన బ్రిటన్ హైదరాబాదు గద్దెను తీసుకోలేదు. ఆ అవసరం లేకుండా చూసుకుంది. 1798 సంధితో నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాలను రద్దు చేయించి, తన పటాలాలను ఆయన ఖర్చు మీదే నిలిపింది. తర్వాత తన అధికారుల చేతికింద హైదరాబాద్ కంటింజెంట్ అనే మరో సైన్యం పెరిగింది. నిజాం కట్టాల్సిన దాని జీతాల బాకీ పేరుకుపోయాక 1853లో పత్తి పండే బేరార్‌ను రాయించుకుంది. గద్దె మీద నిజాం అలాగే ఉన్నాడు. లెక్కల పుస్తకం మాత్రం బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ బంగ్లా గడప దాటి రాలేదు.

బొగ్గు కథలో ఆ నేర్పు ఇంకా ఎక్కువ. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు పొరను గుర్తించాడు. 1886లో ఆ తవ్వకం హక్కులతో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది, అదీ లండన్‌లో. కాగితం మీద మూలధనం 10 లక్షల పౌండ్లు, లక్ష వాటాలు. వాటిలో 85 వేల వాటాలను వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు హక్కుదారులు పూర్తి విలువ చెల్లించినట్టు రాసుకుని తమకే ఉంచుకున్నారు. నిజాం తరఫున బేరం నడిపిన అధికారి అబ్దుల్ హక్‌కు అందులో రహస్య భాగం ఉంది. పది పౌండ్ల వాటాను పన్నెండు పౌండ్ల లెక్కన, పదివేల వాటాలు నిజాం ప్రభుత్వంతోనే కొనిపించాడాయన. తన నేలలోని బొగ్గు కోసం తానే సొమ్ము కట్టిన రాజ్యమది! 1888లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి విచారించింది. హక్ పదవి ఊడింది. కంపెనీ మాత్రం నిలిచింది. 1920లో దాని ఆస్తులు, బాధ్యతలు కొత్తగా ఏర్పడ్డ సింగరేణి కాలరీస్ కంపెనీకి మారాయి. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నాకే యాజమాన్యం హైదరాబాదుకు చేరింది.

ఈ ఉదంతంలో గట్టిగా పట్టుకోవలసింది అబ్దుల్ హక్‌నే. బయటి శక్తి ఎంత పెద్దదైనా, లోపల సంతకం పెట్టే చేయి దొరకనిదే పని జరగదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పెద్దరికం అమెరికాకు మారింది. పద్ధతి మరింత మర్యాదగా మారింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్)లో కీలక నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా చేతిలో 16 శాతానికి పైగా ఉన్నాయి. అంటే అది కాదంటే ఆగిపోవాల్సిందే. ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడిని అమెరికాయే సూచించడం ఆనవాయితీ. బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూలులో చదివిన అజయ్ బంగా 2023లో ఆ కుర్చీ ఎక్కినా, అమెరికా పౌరుడిగా, అమెరికా ప్రతిపాదించిన అభ్యర్థిగానే ఎక్కారు.

1978లో మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన రామగుండం ఎన్టీపీసీకి ప్రపంచ బ్యాంకు అప్పు దన్నుగా నిలిచింది. ఆ అప్పు వల్ల మేలు జరగలేదనడం అన్యాయం. 1983 నుంచి ఇక్కడి కరెంటు దక్షిణాది ఇళ్లలో వెలుగుతోంది. అయితే అదే బ్యాంకు 1990ల చివర ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన అప్పు రంగు వేరు. దాని షరతుల వెంటే విద్యుత్ సంస్కరణల చట్టం 1998లో వచ్చింది, 1999లో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది, 2000లో చార్జీలు భగ్గుమన్నాయి. బొగ్గు గోదావరిఖని బాయిలదే, కరెంటు రామగుండానిదే. బిల్లు ఎంత పెరగాలన్న ఆలోచనలో మాత్రం వాషింగ్టన్ మాట ఉంది. ఆ ఏడాది ఆగస్టు 28న చార్జీల పెంపు మీద నిరసన సాగుతుండగా హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. వాళ్ల మీద తూటా పేల్చింది మన పోలీసులే, అప్పు పత్రం మీద సంతకం మన ప్రభుత్వానిదే.

నాలుగేళ్లకు, 2004లో, ఓటరు ఆ ప్రభుత్వాన్ని దించాడు. కొత్త ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి తొలి సంతకం రైతుకు ఉచిత కరెంటు మీద పడింది. బ్యాంకు చెప్పిన దారికి అది పూర్తిగా ఎదురు. అయినా ఆకాశం విరిగిపడలేదు. అప్పిచ్చేవాడికన్నా ఓటరుకు ఎక్కువ భయపడిన రోజున ప్రభుత్వం ఎంత చేయగలదో అప్పుడు తెలిసింది.

నేడు సింగరేణి వారి అడ్రియాల బాయిలో బొగ్గు కోసే లాంగ్‌వాల్ యంత్రాలు అమెరికా సంస్థ క్యాటర్‌పిల్లర్‌వి. మంచి యంత్రాలు కొనడంలో తప్పులేదు. వాటి విడిభాగాలు ఎవరు ఇవ్వాలి, ఏ ధరకు ఇవ్వాలి, వివాదం వస్తే ఏ ఊరి న్యాయస్థానంలో తేలాలి అన్నవి కార్మికుడికీ తెలియాలి. విదేశీ యంత్రాల ఒప్పందాలైనా, అప్పు షరతులైనా, సంతకానికి ముందే తెలుగులో అచ్చువేసి గోదావరిఖని గ్రంథాలయాల్లో, కార్మిక సంఘాల కార్యాలయాల్లో పెట్టాలని ఈ పత్రిక కోరుతోంది.