పువ్వు పుట్టగానే పరిమళించాలా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. పందొమ్మిదేళ్లలోపు కుర్రాళ్ల ప్రపంచ కప్ క్రికెట్ జరిగిన ప్రతిసారీ మన దేశంలో అందరూ ఈ సామెతనే నమ్ముకుంటున్నారు. ఒక్క శతకం చేసిన బాలుడు ‘రేపటి తార’ అయిపోతున్నాడు. వార్తాసంస్థల కథనాలను తెనిగించే మాబోటి వారు కూడా ఆ బిరుదును ఉదారంగానే పంచిపెడుతున్నారు. కానీ పందొమ్మిదో ఏట వేసిన అంచనా పాతికో ఏట ఎంతవరకు నిలుస్తోంది?

అంచనాలు పూర్తిగా తప్పుతున్నాయని అనడం సత్యదూరం. 2000లో శ్రీలంకలో మన కుర్రాళ్లు తొలిసారి కప్పు గెలిచినప్పుడు సారథి మహమ్మద్ కైఫ్, టోర్నీ ఉత్తమ ఆటగాడు యువరాజ్ సింగ్. ఇద్దరూ భారత జట్టుకు ఆడారు. 2006లో ఉత్తమ ఆటగాడిగా నిలిచిన చతేశ్వర్ పుజారా, 2008లో సారథిగా కప్పు తెచ్చిన విరాట్ కోహ్లీ తరువాత ఏమయ్యారో పాఠకులకు విదితమే. ఎంపిక సంఘాల కన్ను గుడ్డిది కాదు.

అయితే ఒకే జట్టులోని కుర్రాళ్ల గతులు ఎంతగా వేరుపడ్డాయో చూస్తే ఆశ్చర్యం కలుగక మానదు. 2012 ఫైనల్లో ఆస్ట్రేలియాపై అజేయంగా 111 పరుగులు చేసి కప్పు గెలిపించిన సారథి ఉన్ముక్త్ చంద్‌కు భారత సీనియర్ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. 2021లో అతడు ఇక్కడి క్రికెట్‌కు స్వస్తి చెప్పి అమెరికా వెళ్లిపోయాడు. అదే టోర్నీలో బ్యాటుతో పెద్దగా రాణించని కాకినాడ కుర్రాడు హనుమ విహారి మాత్రం దేశం తరఫున 16 టెస్టులు ఆడాడు. 2018 జట్టు సారథి పృథ్వీ షా అదే ఏడాది రాజ్‌కోట్‌లో తొలి టెస్టులోనే 134 పరుగులు చేశాడు. 2024 నవంబరు ఐపీఎల్ వేలంలో అతడిని కొనే నాథుడే లేకపోయాడు. ఆనాడు అతడి సారథ్యంలో ఆడిన శుభ్‌మన్ గిల్ 2025లో భారత టెస్టు జట్టుకు సారథి అయ్యాడు. 2004లో కుర్రాళ్ల జట్టును నడిపిన గుంటూరు బిడ్డ అంబటి రాయుడు 2013 దాకా వన్డే పిలుపుకోసం వేచి ఉండవలసి వచ్చింది. టెస్టు ఆడే యోగం అతడికి పట్టనే లేదు.

ఇక ఆ ప్రపంచ కప్ గడపే తొక్కని వారి సంగతి. ధోనీ, అశ్విన్, బుమ్రా ముగ్గురూ ఈ కోవలోని వారే. మన హైదరాబాద్ ఆటోడ్రైవర్ కుమారుడు మహమ్మద్ సిరాజ్ 21 ఏళ్ల వయసులో తొలి రంజీ మ్యాచ్ ఆడాడు. 2016-17 రంజీ సీజన్లో 41 వికెట్లు తీసి అందరి కంటా పడ్డాడు. 2025 ఇంగ్లాండ్ పర్యటనలో 23 వికెట్లు తీసిన బౌలరు అతడే. పందొమ్మిదో ఏటనే జాబితా మూసివేసి ఉంటే ఈ పేరు మనకు తెలిసేదే కాదు.

దీనికి కారణం అంతుబట్టనిదేమీ కాదు. రెండేళ్లకోసారి 15 మంది చొప్పున పదేళ్లలో సుమారు 75 మంది ఎంపికవుతారు. పదకొండు మంది ఆడే సీనియర్ జట్టులో అన్ని ఖాళీలు ఏర్పడవు. పైగా ఆ వయసులో ఏడాది ముందుగా ఎదిగిన శరీరం ప్రతిభగా భ్రమింపజేస్తుంది. ఎంపికైన వాడికి అవకాశం ఎక్కువన్నది నిజమే. కాని ఎక్కువ అవకాశం వేరు, హామీ వేరు.

ఈ తేడా మరిస్తే నష్టపోయేది పిల్లలే. 2024 వేలంలో పదమూడేళ్ల బీహార్ బాలుడు వైభవ్ సూర్యవంశీ 1.10 కోట్ల రూపాయల ధర పలికాడు. మరుసటి ఏడాది 35 బంతుల్లో శతకం చేసి ఆ ధరకు న్యాయం చేశాడు. కాని ఆ ఒక్కడిని చూసి బడి మాన్పించి మైదానానికి పంపే తల్లిదండ్రుల ఇళ్లలో అందరూ సూర్యవంశీలు కారు. ఒక ఆటగాడు ఒక్కసారికి మించి కుర్రాళ్ల ప్రపంచ కప్ ఆడరాదని 2016లో భారత క్రికెట్ నియంత్రణ మండలి తీసుకున్న నిర్ణయం ఈ దృష్టితో మెచ్చదగినదే. ఆ పోటీ గమ్యం కాదు, మజిలీ మాత్రమేనని అది చెప్పకనే చెప్పింది.

కనుక కుర్రాళ్ల జాబితాను తొలి వడపోతగానే చూడాలి. ఆలస్యంగా వికసించే వారికోసం రంజీ ట్రోఫీ తలుపు తెరిచే ఉంచాలి. జిల్లా స్థాయి లీగులకు నిధులు, పిచ్‌లు సమకూర్చాలి. పందొమ్మిదో ఏట పేరు రాని కుర్రాడికి చదువు, మరో అవకాశం రెండూ మిగిలి ఉండాలి. కొన్ని పువ్వులు పుట్టగానే పరిమళిస్తాయి. మరికొన్నింటికి కాలం పడుతుంది.