మంత్రగాళ్లకూ ట్యాక్స్..? తాండూరులో అసలు లెక్క వేరే!

మంత్రాలు చేసేవాళ్లూ ట్యాక్స్ కట్టాల్సిందే.. 2011లో రొమేనియా సర్కార్ పెట్టిన రూల్ ఇది. మంత్రగత్తెలను వృత్తుల జాబితాలో చేర్చి, సంపాదనపై 16 శాతం పన్ను వేసింది. మండిపడ్డ కొందరు డాన్యూబ్ నదిలో విషపు మొక్కలు విసిరి నిరసన తెలిపారు.

మరి వికారాబాద్, తాండూరు వైపు ఇది కుదిరే పనేనా? తాయెత్తులు కట్టి సంపాదించినా మన ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం వదలదు.. అది సరే. కానీ అక్కడ మంత్రగత్తెనని వాళ్లే చెప్పుకుంటారు. ఇక్కడ 'బాణామతి చేస్తున్నారు' అనే ముద్ర ఊరోళ్లు వేస్తారు. పడిందా.. దెబ్బలు, ఒక్కోసారి ప్రాణాలే పోతాయి. ఇక లైసెన్స్ కోసం క్యూ కట్టేదెవరు?

తాండూరు దాటితే వచ్చే కర్ణాటకలో చేతబడి నిరోధక చట్టం 2020 నుంచే అమల్లో ఉంది. తెలంగాణలో అలాంటి ప్రత్యేక చట్టం రాలేదు. దాడులు, బెదిరింపులకు పెట్టే మామూలు సెక్షన్లే బాధితులకు దిక్కు.