ఇంగ్లీషు జంటక్రియలు – తెలుగు తోడు

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 విద్యాసంవత్సరము మొదలు ఒకటవ తరగతినుండి ఎనిమిదవ తరగతివరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. దాని యుక్తాయుక్తవిచారమున కిది సమయము కాదు. నేర్పబూనిన భాషను నేర్పవలసిన రీతిని నేర్పుచున్నామా యనునదే మా ప్రశ్న.

ఉప్పలు దాటి వరంగల్లు మార్గమున అన్నోజిగూడ చేరినవారికి ఈ ప్రశ్న యెంత ముఖ్యమైనదో తెలియగలదు. చెంత పోచారమున ఇన్ఫోసిస్ కార్యస్థానము. ఘట్‌కేసరు చుట్టుప్రక్కల ఇంజనీరింగు కళాశాలలు. ఇచట చదువుకొను యువకునకు ఇంగ్లీషు జీవనోపాధి. అతనిని చిక్కుపెట్టునవి పెద్దమాటలు కావు. ‘పోస్ట్‌పోన్’, ‘టాలరేట్’ అను పదము లెరిగినవాడే ‘పుట్ ఆఫ్’ (వాయిదా వేయుట), ‘పుట్ అప్ విత్’ (ఓర్చుకొనుట) అనునవి విన్నంతనే తెల్లబోవును. మన కింగ్లీషు కచేరీలనుండియు, గ్రంథములనుండియు వచ్చినది. ఇంగ్లీషువారి నిత్యసంభాషణమో యీ చిన్నమాటల జంటలతో నడచును. వీనికే ‘ఫ్రేజల్ వెర్బు’లని పేరు. పరదేశీయుల కివి మిక్కిలి కష్టమని డాక్టరు జాన్సను 1755లోనే తన నిఘంటుపీఠికయందు వ్రాసియున్నాడు.

మన పాఠశాలలలో తరచుగా జరుగుచున్న దేమి? ‘గెట్’ క్రింద పదియు, ‘పుట్’ క్రింద పదియు పట్టికగా వ్రాయించి వల్లెవేయింతురు. పరీక్ష ముగిసినతోడనే పట్టికయు మరపునబడును. ఒకదానినిబోలిన దొకటియగుటచే బాలుని మనస్సున నవి కలగాపులగమగును.

ఈ విషయమున మన భాషయే మనకు గురువు. ‘పడు’ యనగా క్రిందికి జారుట. కాని ‘తలపడు’వాని తల యెచటను పడదు. ఇట్టివానికి మన వ్యాకరణము శబ్దపల్లవములని పేరిడినది. సంస్కృతమున ఒక్క ధాతువునకే ఉపసర్గలు చేరి ఆహారము, విహారము, సంహారము, పరిహారము అని వేర్వేరర్థములు కలుగుట విద్యావంతు లెరుగనిది కాదు. ఇంగ్లీషున ఆ ఉపసర్గవంటి మాట క్రియకు వెనుక నిలుచును, భేద మంతియే. ‘ఈట్’ అనుటకును ‘ఈట్ అప్’ అనుటకును గల తారతమ్యము, ‘తినెను’ ‘తినివేసెను’ అనువాని తారతమ్యమువంటిదని చెప్పినచో పల్లెటూరి బాలుడును క్షణములో గ్రహించును.

తెలుగుతో పోలనిచోట భేదమును గూడ చూపవలయును. ‘పుట్ ఇట్ ఆఫ్’ అనవలెనుగాని ‘పుట్ ఆఫ్ ఇట్’ అనరాదు. ‘లుక్ ఆఫ్టర్ ఇట్’ అనుటయే ఒప్పు, ‘లుక్ ఇట్ ఆఫ్టర్’ తప్పు. ఇట్టివి సూత్రములచే గాక, కథలోను, సంభాషణలోను పలుమారు విని పలుకుటచే అలవడును. దినమునకు రెండు మూడు చాలును.

ఇంగ్లీషు తరగతిలో తెలుగు వినబడరాదను నియమము కొన్ని పాఠశాలలయం దున్నది. అది బాలుని చేతికఱ్ఱను లాగికొని పరుగెత్తుమనుటయే. ఆంగ్లబోధనకై 1958లో నెలకొల్పబడిన కేంద్రసంస్థ నేడు విశ్వవిద్యాలయమై ఈ హైదరాబాదుననే యున్నది. అందలి పండితులును, మన తెలుగు ఉపాధ్యాయులును కలసి ఇట్టి పోలికలతో ఒక చిన్న పుస్తకమును కూర్చి ప్రతి పాఠశాలకు అందజేయుట అసాధ్యము కాదు. మాతృభాష పరభాషకు శత్రువు కాదు, సోపానము. ప్రభుత్వమువారును, పాఠశాలల యజమానులును దీనిని గుర్తింతురుగాక.