పోలీసు జాగిలము – దాని పగ్గము పట్టినవాడు

కుక్కతోక వంకరయని మనవారి సామెత. పుట్టుకతో వచ్చిన గుణము నేర్పుచే మారదని దాని భావము. పోలీసు జాగిలములను చూచినవారు ఈ సామెతను కొంత సడలించుకొనవలసియుండును. అందులకు మన బడంగ్‌పేట్ వారు దూరము పోనక్కరలేదు. 2008వ సంవత్సరమున తెరువబడిన శంషాబాదు విమానాశ్రయమును కాపాడు కేంద్ర పారిశ్రామిక భద్రతాదళమువారికి జాగిలములు గలవు. నగరమునకు పడమట మొయినాబాదునందలి ఇంటెలిజెన్సు శిక్షణాలయమున తెలంగాణ పోలీసు జాగిలములు విద్య నేర్చుచున్నవి. మద్యనిషేధము గల బీహారు రాష్ట్రమువారు సయితము మద్యమును పసిగట్టు జాగిలములకై ఈ శిక్షణాలయము నాశ్రయించిరి.

ఇట్టి జాగిలములను గూర్చి మాటాడునపుడు, ఏ జాతి మేలైనదని జనులు మొదట అడుగుదురు. లాబ్రడారు, జర్మన్ షెపర్డు, బెల్జియన్ మాలినోయి మున్నగు జాతులు ప్రసిద్ధములే. కాని జాతియొక్కటే చాలదు. పెద్ద చప్పుడునకు బెదరని పిల్లను, దాచిన బంతిని విసుగక వెదకు పిల్లను ఏరుకొందురు. పిమ్మట మందుగుండు వాసనను ఆటవస్తువుతో ముడిపెట్టుదురు. వాసనను కనుగొనిన ప్రతిసారి బంతి దొరకును. ప్రేలుడు పదార్థమును కాలితో గీరిన ప్రమాదము గనుక, దానిచెంత కదలక కూర్చుండుట నేర్పుదురు. మొయినాబాదులో ఈ శిక్షణ సుమారు ఎనిమిది నెలలు సాగును. అంతకాలము జాగిలముతో దానిని నడుపు హ్యాండ్లరును కూడ విద్యార్థియే.

జాగిలమును ఏరుటయందు చూపు శ్రద్ధకంటె, ఈ రెండవ విద్యార్థిని ఏరుటయందు ఎక్కువ శ్రద్ధ చూపవలయునని మా అభిప్రాయము. కారణము చెప్పెదము. బెర్లిను నగరమున హాన్సు అను గుర్రము లెక్కలు చేయునని పేరుపొందెను. అది గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పెడిది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అను పండితుడు చేసిన పరిశోధనవలన, అడుగువానికి జవాబు తెలియనిచో గుర్రమునకును తెలియదని లోకమునకు వెల్లడియైనది. అడుగువాని తల యొక్క సన్నని కదలికను చూచి అది తట్టుట నిలిపెడిది! 2011లో వెలువడిన కాలిఫోర్నియా పరిశోధన ఒకటి పోలీసు జాగిలములను గూర్చి ఇట్టిదే తెలిపినది. అందు 18 మంది హ్యాండ్లర్లు తమ జాగిలములతో వెదకిరి. వాసనగల వస్తువు ఎచటను లేదు. ఉండవచ్చునని మాత్రము వారికి చెప్పిరి. 144 వెదుకులాటలలో 21 మాత్రమే తప్పుడు సూచన లేకుండ ముగిసెను. జాగిలములు తమవారి సైగలను గ్రహించెనో, వారే లేనిదానిని చూచిరో, ఆ పరిశోధన తేల్చలేదు. ఎట్లైనను నమ్మకము పగ్గముగుండ ప్రాకినదనుట స్పష్టము.

ఇది వినోదమునకు చెప్పు సంగతి కాదు. జాగిలము ఒకని యింటిముందు నిలిచిన, ఊరంతయు వానిని దొంగయని నిశ్చయించును. వాడు నిర్దోషియైనచో పోయిన పరువు నెవరు తెచ్చియిచ్చెదరు? ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చిన ఒక హత్యకేసులో 2001వ సంవత్సరమున సుప్రీంకోర్టువారు ఈ చిక్కును విచారించిరి. జాగిలము బోనెక్కి సాక్ష్యము చెప్పజాలదు, దాని తరఫున హ్యాండ్లరే చెప్పవలెను, అతడు పొరబడవచ్చును. కావున దర్యాప్తునకు జాగిలము ఉపయోగపడవచ్చును గాని, న్యాయనిర్ణయమునకు ఆ జాడను ఆధారము చేసికొనరాదని వారి తీర్పు సారాంశము. ప్రాణరక్షణయందును ఇంతే. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలము ఎడమగట్టు కాలువ సొరంగము కూలి ఎనిమిదిమంది చిక్కుకొనినపుడు, కేరళ పోలీసు జాగిలములను రప్పించి వెదకించిరి. అట్టి చోట తప్పుడు సూచన యొక్కటి కలిగిన, త్రవ్వువారి శ్రమయు, వారి ప్రాణములును గండములో పడును గదా.

హ్యాండ్లరునకు కుక్కలయందు ప్రేమ, ఓర్పు, దేహదార్ఢ్యము కావలసినవే. వీనికి మించి, ఏమియు లేనిచోట “ఏమియు లేదు” అని పై అధికారి యెదుట చెప్పగల ధైర్యము కావలెను. అందులకై శిక్షణలో వస్తువును దాచిన చోటు హ్యాండ్లరునకుగాని, చెంతనున్న పరీక్షకునకుగాని తెలియకుండవలయును. కొన్ని పరీక్షలలో అసలేమియు దాచకుండవలయును. ఒప్పులతోపాటు తప్పులును పుస్తకమునకెక్కవలయును. పనుల తొందరలో ఇంత నియమము సాగదని కొందరందురు. నేరము జరిగినచోట తొందర తప్పదు, నిజమే. కనుకనే ఈ నియమము శిక్షణాలయముననే అలవడవలెనని మేమందుము. వట్టిచేతులతో తిరిగివచ్చినవానిని అధికారులు చిన్నచూపు చూచినచో, రేపు వాడు ఏదోయొకటి కనుగొనియే వచ్చును.

బాలబాలికలారా! మీలో కొందరు పెరిగి పోలీసు కొలువున చేరవచ్చును. జాగిలమునకు అబద్ధము తెలియదు. తన యజమానుని సంతోషపెట్టుటయే దానికి తెలియును. ఆ యజమానుడు కోరునది నిజమైనచో, అది నిజమునే వెదకును.