ఆదరణమా? అపహరణమా?

2025వ సంవత్సరమున ఇటలీ దేశపు ప్రాడా సంస్థ మిలాన్ నగరమందలి తన ప్రదర్శనమున కొల్హాపురి చెప్పులను పోలిన పాదరక్షలను చూపెను. వాని పుట్టినిల్లెద్దియో అప్పుడు చెప్పలేదు. మన దేశమున నిరసన చెలరేగిన పిదప, భారతీయ పాదరక్షలనుండియే ప్రేరణము పొందితిమని ఒప్పుకొనెను. నాడు మనవారికి కలిగిన ఆగ్రహము న్యాయమైనదే. కాని పరుల కళను గైకొనుట ఎప్పుడు ఆదరణమగును, ఎప్పుడు అపహరణమగును అను ప్రశ్నను విచారింపనిచో ఆ ఆగ్రహము నాలుగు దినములకు చల్లారును. తప్పు మాత్రము నిలిచియుండును. ఇందులకై కొల్హాపురము దాక పోనక్కఱలేదు. మన బందరు అద్దకపు చరిత్రయే చాలును.

అన్యులనుండి గ్రహించుటయే దోషమనువారితో మేము ఏకీభవింపజాలము. ‘కలంకారి’ అను పేరే పారసీకము. గోలకొండ సుల్తానుల యేలుబడిలో పారసీక వర్తకులు బందరునకు వచ్చిరి. వారి అభిరుచి మన అద్దకపు పూలతీవెలలో చేరినది. అందుచే పారసీకులకు నష్టము కలుగలేదు. మన పనివానికి చిన్నతనమును రాలేదు. ఇచ్చిపుచ్చుకొనుటవలననే కళలు వృద్ధినొందును.

ఆంగ్లేయులు 1611లో బందరున వర్తకస్థానము నెలకొల్పిరి. కరక్కాయయు పాలును పట్టించిన బట్టపై పటికనీటితో అచ్చువేసి, చిరివేరు నీటిలో కాచినచో వచ్చు ఎఱుపు ఉతికినను పోవునది కాదు. నూలుబట్టపై ఇట్లు నిలుచు రంగుల అద్దకమును చూచి ఐరోపావారు అబ్బురపడిరి. ఉడుపులకును తెరలకును మోజుతో వాడిరి. ఇంతవరకు జరిగినది వర్తకము. కొన్నవాడు వెలయిచ్చెను, చేసినవాడు కూడు తినెను.

పిమ్మట జరిగినది వేఱు. తమ ఉన్ని, పట్టు పనివారి మొఱలాలించి ఇంగ్లండు పార్లమెంటు 1700లో చట్టముచేసి, హిందూదేశము, పారసీకము, చీనాలనుండి వచ్చు అద్దకపు నూలుబట్టలను ఆ దేశమున ధరింపరాదని నిషేధించినది. తెల్లబట్ట మాత్రము రావచ్చును. దానిపై అద్దకము ఇంగ్లండులోనే సాగవచ్చును. 1721లో మఱియొక చట్టము, కొలదిపాటి మినహాయింపులతో, అట్టి బట్టలను కూడ నిషేధించినది. 1774లో తమ దేశముననే నేసి అద్దిన నూలుబట్టకు అనుమతి లభించినది. చదువరులు గమనింతురు గాక! ఆ పూవులపై వారికి ఇష్టము పోలేదు. ఆ పూవులను మొదట అద్దిన చేతికే తలుపు మూయబడినది. దీనిని మేము అపహరణమందుము.

పేరు చెప్పినంతమాత్రమున ఈ దోషము తొలగునా? ఫ్రాన్సు చరిత్ర తొలగదని చెప్పుచున్నది. ఆ దేశమును 1686లో ఈ బట్టలను నిషేధించినది, 1759లో నిషేధమెత్తివేసినది. మఱుసటి యేడే ఓబెర్‌కాంఫ్ అనునతడు జూయీ గ్రామమున అద్దకము ప్రారంభించెను. అట్టి బట్టలను ఫ్రెంచివారు ‘హిందూదేశపువి’ అను అర్థమిచ్చు పేరుతోనే పిలిచిరి. పేరు మనది, పని వారిది, లాభమును వారిదే.

ఒకే మనుష్యునియందు రెండు గుణములును ఉండవచ్చును. ఫ్రెంచి మతగురువు కేర్దూ తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతమునకును గ్రీకు, లాటిను భాషలకును గల చుట్టఱికమును తొలుత గుర్తించినవారిలో ఒకడు. మన భాషలపట్ల ఆయన చూపినది ఆదరణమే. ఆయనయే 1742లో, తమ మతమున చేరిన అద్దకపు పనివారిని అడిగి తెలిసికొని, రంగులు వేయు విధానమును లేఖగా వ్రాసి స్వదేశమునకు పంపెను. తరతరముల కులవిద్య ఒక్క లేఖతో సముద్రము దాటినది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను చరిత్రము ఇందుకు భిన్నము. ఆయనయు పాలకులలోని వాడే, కుంపిణీ ఉద్యోగియే. వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. తాళపత్ర గ్రంథములను సేకరించి, పండితులకు జీతములిచ్చి పాఠములు సరిచూపించెను. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. వేమన వేమనగనే నిలిచెను. ప్రతులు తెలుగువారి కుపయోగపడినవి. కావున స్వదేశీయుడా, విదేశీయుడా అనుట యిచ్చట గీటురాయి కాదు. తీసికొన్న పిదప ఇచ్చినవాని గతి యేమైనది? ఇదియే అడుగవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను మనకు మనము వేసికొనవలదా? నేడు మన పట్టణములందలి అంగళ్లలో యంత్రముపై అచ్చయిన బట్ట ‘కలంకారి’ పేరుతో అమ్ముడుపోవుచున్నది. మనము దానిని కట్టుకొని పండుగలకు పోయి, మన ప్రాచీన కళ యని మురియుచున్నాము. పెడనలో కొయ్య అచ్చుతో అద్దువాడును, కాళహస్తిలో కలముతో వ్రాయువాడును ఆ బట్టతో వెలలో పోటీపడజాలరు. 1999లో పార్లమెంటు చేసిన భౌగోళిక గుర్తింపు చట్టము 2003నుండి అమలులోనున్నది. బందరు, కాళహస్తి కలంకారులు రెండును దానిక్రింద నమోదైనవి. కాని కొనువాడు అడుగని గుర్తింపు కాగితముననే యుండును. పెండ్లికి లక్షలు వెచ్చించు గృహస్థు అద్దకపు పనివానికడ పది రూపాయలకు బేరమాడుట మేమెఱుగనిది కాదు.

యంత్రపు బట్ట కట్టరాదని మేము చెప్పుటలేదు. పేదవానికి చవుకబట్ట కావలయును. దానిని దాని పేరుతోనే అమ్ముడు, కొనుడు అని మాత్రమే మా విన్నపము. కలంకారి కావలసినవారు ఏ యూరిపని, ఎవరిచేతిపని యని అడిగి, న్యాయమైన వెలనిచ్చి కొనవలయును. ప్రభుత్వమువారు దొంగపేరుతో అమ్మువారిపై చట్టమును ప్రయోగింపవలయును. నాడు పరాయి పార్లమెంటు మన పనివానికి తలుపు మూసినది. నేడు మన అంగడిలో ఆ తలుపును మూయుచున్నవారము మనమే. ముందు దానిని తెఱచి, పిమ్మట మిలాన్ నగరమువారిని ప్రశ్నింతము గాక!