కరియడి మీద మోపిన నేరం

మా ఇంట్లో ఒక కుక్క ఉన్నది. నల్లనిది గనుక కరియడని పిలుస్తాం. (మాది కన్నడ సీమను ఆనుకొని ఉన్న రాయదుర్గం. ఇక్కడ పేర్లకు సరిహద్దులు లేవు.) నాలుగేళ్ల క్రితం వానలు వెలిసిన తరువాత నా కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు ఎర్రబడి, దురదతో రాత్రులు నిద్ర కరువైంది. చూసినవారందరూ విచారణ లేకుండానే తీర్పు చెప్పారు. మా అవ్వ మరీ సూటిగా, "ఆ కుక్క బొచ్చేరా నాయనా. యాడన్నా దూరంగా ఇడిసిపెట్టి రాపో" అన్నది.

దాచడం దేనికి? ఒక సాయంత్రం వాడిని బండి మీద ఊరి బయటకు తీసుకువెళ్లాను కూడా. వేరుశనగ పెరికిన చేను. దగ్గరలో ఇల్లు గాని, నీళ్ల తొట్టి గాని లేదు. వాడు షికారనుకొని గట్టు పొడవునా పరుగెత్తి, తిరిగివచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మళ్లీ ఎక్కించుకొని వచ్చేశాను. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తరువాత చర్మవైద్యుని వద్దకు వెళ్లాను. అంతవరకు మందుల దుకాణంవాడిచ్చిన స్టెరాయిడ్ లేపనమే గతి. వైద్యుడు వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి, 48 గంటల తరువాత ఒకసారి, మరి రెండు రోజులకు ఇంకొకసారి చూశాడు. పొంగి ఎర్రబడినది వయ్యారిభామ పట్టీ కింది చర్మం!

కుక్క వల్ల వచ్చే ఎలర్జీ ఉన్నది, కాదనను. దానికి కారణం వెంట్రుక కాదు. లాలాజలంలోను, రాలే చర్మపు పొట్టులోను ఉండే మాంసకృత్తులు. తుమ్ములు, కళ్లనీళ్లు, ఆయాసం, నాకినచోట దద్దుర్లు సాధారణంగా నిమిషాలలోనే మొదలవుతాయి. వయ్యారిభామ తీరు వేరు. దానిలోని పార్థెనిన్ అనే పదార్థం తగిలిన ఒకటి రెండు రోజులకు గాని చర్మం తిరగబడదు. ఎండిన మొక్క పొడి గాలిలో లేచి కనురెప్పల మీద వాలినా చాలును. ఆలస్యంగా వచ్చే బాధకు కళ్లెదుట కనబడేవాడే దోషి అవుతాడు.

ఈ మొక్కను మన దేశంలో 1955 ప్రాంతంలో పుణేలో గుర్తించారు. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మా అనంతపురం బీళ్లలో విత్తకుండానే మొలిచే పంట ఇదొక్కటే. నాలుగు చినుకులు పడితే చాలు, బాటలు కమ్మేస్తుంది. పశువులు ముట్టవు. దీనిని తినే మెక్సికో పెంకుపురుగులను 1984లో బెంగుళూరులో విడిచిపెట్టారు గాని, అవి వానలు ఆగగానే నేలలో దూరి నిద్రపోతాయి. కరియడు ఆ పొదలలో దొర్లి, పుప్పొడిని బొచ్చులో మోసుకొచ్చి, నా దుప్పటి మీద పడుకునేవాడు. నేరస్థుడు కాడు గాని, పూర్తిగా నిర్దోషి అనలేను.

ఇప్పుడు వాడికి పడకగది నిషిద్ధం. తిరిగే దారి మార్చాను. రాగానే తడిగుడ్డతో తుడుస్తాం. (మా ఊరి నీళ్ల సంగతి తెలిసినవారి ముందు కుక్కకు నిత్యస్నానమంటే నవ్విపోతారు. పైగా దాని చర్మం కూడా పొడిబారుతుంది.) ప్రహరీ వెంట మొక్కలను పూతకు రాకముందే మా బామ్మర్ది చేతితొడుగులు వేసుకొని పీకుతాడు. నన్ను దగ్గరకు రానీయడు. దురద పూర్తిగా పోలేదు. నిద్ర మాత్రం పడుతున్నది.

నిజంగా కుక్క వల్లనే ఆయాసపడే పసిబిడ్డ ఉన్న ఇంటివారిని ఉంచుకొమ్మనే అధికారం నాకు లేదు. కాని పరీక్ష చేయించకుండా పంపకండి. పంపితే తెలిసినవారి ఇంటికి పంపండి. ఆకలిదప్పులకు గురయ్యేలా జంతువును అకారణంగా వదిలివేయడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ సాయంత్రం ఈ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే బయలుదేరకపోదునా? ఏమో.

మొన్న వాన పడింది. అవ్వ చేతికర్రతో గోడ వారగా చూపించి, "ఆ యమ్మ మళ్లా వచ్చింది, పీకించు" అన్నది. వెంటనే, "కుక్కను మాత్రం మంచం ఎక్కనీయొద్దు" అని కూడా అన్నది.